సరయేవో మీర్జాలు



మీర్జా అన్న మాట వినగానే మనలో చాలామందికి సానియా మీర్జా గుర్తొస్తుంది. కవిత్వం చదివే అలవాటున్నవారికి మీర్జా గాలిబ్ గుర్తొస్తాడు. పాతతరం హైదరాబాదువాళ్లయితే 1946, 47 సంవత్సరాల్లో నిజాం దగ్గర ప్రధానమంత్రిగా ఉన్న సర్ మీర్జా ఇస్మాయిల్‌ని తలుచుకుంటారు. ఈ ముగ్గురిలో ఎవరికీ మీర్జా అన్నది ఉయ్యాల్లో వేసిననాడు పిలిచిన పేరు కాదు. సానియాకి అది ఇంటిపేరు. గాలిబ్‌కి వంశంతో వచ్చిన గౌరవపదం, ఆయన అసలు పేరు అసదుల్లా. ఇస్మాయిల్ గారికీ అంతే. పేరుకి ముందో వెనకో నిలబడి, వీరు పెద్దింటివారు సుమా అని చెప్పే మాట అది.

అదే మాటను ఉయ్యాల్లో పిల్లవాడికి పెట్టి, వాడు బడికి వెళ్తే హాజరుపట్టీలో రాసి, వీధిలో ఆడుకుంటుంటే అన్నానికి రమ్మని కేకేసే దేశం ఒకటుంది. యూరప్‌లో, ఆగ్నేయ మూలన, కొండల మధ్య ఉన్న బోస్నియా. అక్కడ మీర్జా అంటే బిరుదూ కాదు, ఇంటిపేరూ కాదు. మనకు రవి, కిరణ్ ఎలాగో వాళ్లకు మీర్జా అలాగ. ఇవాళ ఆ ఒక్క పేరు గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు ఒక్క మాట. బోస్నియాలో ఉండేవాళ్లందరినీ బోస్నియన్లు అనవచ్చు. బోస్నియాక్‌లు అంటే మాత్రం వారిలో ఒక జాతి. స్లావ్ భాష మాట్లాడతారు, తరతరాలుగా ముస్లింలు. 2013 జనాభా లెక్కల్లో ఆ దేశంలో 35 లక్షల పైచిలుకు జనం ఉంటే అందులో సగం మంది బోస్నియాక్‌లమని రాయించుకున్నారు. మిగిలినవారు ప్రధానంగా సెర్బులు, క్రొయేట్లు. వీళ్లందరి ముఖాలూ ఒకలాగే ఉంటాయి, మాటా దాదాపు ఒకటే. ఎవరు ఏ జాతివారో తెలియాలంటే చాలాసార్లు పేరు ఒక్కటే ఆధారం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు మాటను విప్పి చూద్దాం. మీర్జాలో రెండు ముక్కలున్నాయి. మొదటిది అరబ్బీ, రెండోది పారసీకం. అరబ్బీలో 'అమ్ర్' అంటే ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చేవాడు 'అమీర్'. హైదరాబాదు అమీర్‌పేటలో ఉన్నది ఆ అమీరే. నౌకాదళంలో అడ్మిరల్ అంటారే, అదీ ఈ చెట్టు కొమ్మే. మన కోర్టు అమీనాకి మాత్రం దీంతో చుట్టరికం లేదు, ఆ మాటకు నమ్మకం అన్న అర్థంలో మరో ధాతువు ఉంది. ఇక రెండో ముక్క 'జాదా'. షాజాదా, నవాబ్‌జాదా అంటుంటాం. ఫలానావారికి పుట్టినవాడు అని అర్థం.

ఈ 'జాదా' దగ్గర నేను ఎప్పుడు ఆగినా ఒక సంతోషం కలుగుతుంది. సంస్కృతంలో 'జాత' అన్నా పారసీకంలో 'జాదా' అన్నా ఒక తల్లి కడుపున పుట్టిన మాటలే. నవజాత శిశువు అన్నప్పుడు వినిపించే జాత అదే. పారిజాతంలో ఉన్నదీ అదే. బురదలో పుట్టింది కనుక పంకజం, నీళ్లలో పుట్టింది కనుక జలజం అంటామే, ఆ చివరి 'జ' కూడా ఈ కుటుంబానిదే. అమీర్‌జాదా అన్న పెద్దమాట జనం నోట్లో పడి, మహారాజు మారాజు అయినట్టు, ముందూ వెనకా అరిగి మీర్జా అయింది. ఆ చివర మిగిలిన 'జా' మనకు పరాయిది కాదు. పంకజం చివర మనం రోజూ పలికేదాని తోబుట్టువు అది.

అర్థం తెలిసింది కదా, దొరబిడ్డ. రాకుమారుడు. మొదట్లో ఈ మాట నిజంగానే రాకుమారులది. తైమూరు వంశంలో పుట్టిన మగపిల్లలందరూ మీర్జాలే. రాజ్యం ఏలుతున్నా సరే మీర్జాలే. కాబూల్‌లో ఉండగా 1507లో బాబర్ తనను ఇకమీదట పాదుషా అని పిలవమన్నాడు. అంతవరకు మా వంశంలో ఏలేవారిని కూడా మీర్జా అనే అనేవారు అని తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆయన కొడుకులు కామ్రాన్ మీర్జా, అస్కరీ మీర్జా, హిందాల్ మీర్జా. హుమాయూన్ ఒక్కడు పాదుషా అయ్యాడు, తమ్ముళ్లు మీర్జాలుగా మిగిలారు.

ఇరాన్‌లో ఈ మాటకు ఒక చక్కటి కట్టుబాటు ఏర్పడింది. పేరు తర్వాత వస్తే రాజవంశీకుడు, అబ్బాస్ మీర్జా లాగ. పేరుకి ముందు వస్తే చదువుకున్నవాడు, కచేరీలో కలం పట్టి రాసేవాడు. ఒక్క మాట, నిలబడిన చోటును బట్టి కోటలో ఉందో కచేరీలో ఉందో తెలిసేది. 1925లో ఇరాన్ పార్లమెంటు బిరుదులు రద్దు చేసి, అందరూ ఇంటిపేర్లు పెట్టుకోవాలని చట్టం చేసింది. దాంతో అక్కడ మీర్జా హోదా ముగిసింది. రష్యా వైపు తాతార్ దొరలలో ఇదే మాట ముర్జా అయింది. మన దక్కనులో పేరు ముందు మీర్జా, చివర బేగ్ పెట్టుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. హైదరాబాదు పాతబస్తీలో దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిస్తే రెండు మూడైనా కనబడతాయి.

మరి బోస్నియాకి ఎలా వెళ్లింది? 1463లో ఆటోమన్ తుర్కులు బోస్నియాను గెలిచారు. 1878 దాకా, అంటే నాలుగు వందల ఏళ్ల పైన, అక్కడ సుల్తాను పాలనే. కొలువులో వాళ్లు ఎక్కువగా వాడిన బిరుదులు పాషా, బేగ్, ఎఫెందీ, ఆగా. మీర్జా వాళ్ల కొలువు మాట కాదు, చదువు మాట. ఆటోమన్ రాజ్యంలో చదువుకున్నవాడు మూడు భాషలు నేర్వాలి. శాస్త్రానికి అరబ్బీ, కచేరీకి తుర్కీ, కవిత్వానికి పారసీకం. బోస్నియా పిల్లలు ఆ మూడో భాషను ప్రాణంగా పట్టుకున్నారు. చాయ్‌నిచే ఊరి దగ్గర పుట్టిన అహ్మద్ సూదీ అనే పండితుడు 16వ శతాబ్దంలో హాఫిజ్ కవిత్వానికి రాసిన వ్యాఖ్యానం పారసీకం చదివిన ప్రతి దేశానికీ వెళ్లింది. నెరెత్వా నది ఒడ్డున ఉన్న మోస్తార్ పట్నంలో ఫెవ్జీ అనే ఆయన 1739లో పారసీకంలోనే 'బుల్‌బులిస్తాన్' అనే పుస్తకం రాశాడు. ఇరాన్‌కి వేల కిలోమీటర్ల దూరంలో, మంచు కురిసే కొండపల్లెల్లో ఇంత పారసీకం ఉండేది. మీర్జా అన్న మాట ఆ పుస్తకాల చెలిమిలో వచ్చింది.

నా ఉద్దేశంలో ఈ పేరు కథకు కీలకం ఇక్కడే ఉంది. బోస్నియాలో బేగ్ అంటే భూములున్నవాడు. ఆ హోదాను ఎవరూ వదులుకోలేదు, అది ఇంటిపేర్లలో గడ్డకట్టింది. స్వతంత్ర బోస్నియా తొలి అధ్యక్షుడు ఆలియా ఇజెత్‌బెగోవిచ్ ఇంటిపేరును విప్పితే, ఇజెత్ బేగ్ సంతతివారు అని వస్తుంది. మీర్జా అలా కాదు. ఆ దేశంలో దాన్ని హోదాగా పట్టుకుని కూర్చున్న కుటుంబం లేదు, దానికి భూమి లేదు, శిస్తు లేదు. ఎవరి సొత్తూ కాని మాట గనక ఎవరైనా తీసుకోవచ్చు. గని కార్మికుడు తన కొడుక్కి పెట్టుకోవచ్చు, బడిపంతులు తన కొడుక్కి పెట్టుకోవచ్చు. రాకుమారుల మాట నేల మీదికి దిగివచ్చి ఇంటింటి పిల్లవాడి పేరయింది.

బోస్నియాక్‌లు తూర్పు పేర్లను తీసుకున్నారే గాని ఉన్నదున్నట్టు ఉంచుకోలేదు, తమ నాలుకకు ఒదిగేట్టు మలుచుకున్నారు. అబ్దుల్లాను అవ్దో అన్నారు, మెహ్మెద్‌ను మెహో అన్నారు, సులేమాన్‌ను సుల్యో, ముస్తఫాను ముయో చేశారు. ఇబ్రహీం వాళ్లకు ఇబ్రో. ఇది విన్నప్పుడు తెలుగువాడికి ఆశ్చర్యం కలగకూడదు. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడు అన్నారు. తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నది ఆ మల్కిభరాముడే. పల్లెల్లో మస్తానమ్మలు, హుసేనప్పలు, సైదులు మనకు కొత్తా? ఒక పేరును ప్రేమించిన జనం దాన్ని తమ భాషలోకి మలుచుకోకుండా ఉండలేరు.

మీర్జాను మాత్రం ఎవరూ కుదించలేదు. అప్పటికే అరిగి అరిగి రెండు అక్షరాలకు వచ్చిన పేరు కదా. బోస్నియాలో మొదటి అక్షరాన్ని మనలాగ సాగదీయరు, మిర్జా అంటారు. 'ఆ'తో ముగిసే పేర్లు స్లావ్ భాషల్లో ఎక్కువగా ఆడవాళ్లవి. అయినా ఈ మగపేరును ఆ వ్యాకరణంలోనే ఇముడ్చుకున్నారు. మీర్జావాళ్ల ఇల్లు అనాలంటే 'మిర్జినా కుచా' అంటారు. దీని నుంచే ఆడపిల్లలకు మిర్జెతా అనే పేరు పుట్టించారు. ఇంకో అందం ఉంది. స్లావ్ భాషల్లో 'మిర్' అంటే శాంతి. ఆ పేరుకూ ఈ మాటకూ పుట్టుకలో సంబంధం ఏమీ లేదు. అయినా చెవికి సంబంధం ఉంది. బోస్నియా తల్లి తన కొడుకును మిర్జా అని పిలిచిన ప్రతిసారీ ఆ పిలుపులో శాంతి అన్న మాట ఆమెకే వినబడుతుంది.

ఈ పేరును ఆ దేశపు సాహిత్యంలో నిలబెట్టినవాడు సఫ్వెత్ బేగ్ బషాగిచ్. 1870లో హెర్త్సెగోవినా ప్రాంతంలో నెవెసిన్యే అనే ఊళ్లో పుట్టాడు. ఆయన కలం పేరు మీర్జా సఫ్వెత్. బేగ్ ఆయనకు పుట్టుకతో వచ్చింది, మీర్జాను ఆయన కోరి పెట్టుకున్నాడు. పారసీక కవుల వరసలో తన పీట తాను వేసుకున్నాడన్నమాట. 1900లో మిత్రులతో కలిసి రాజధాని సరయేవోలో 'బెహార్' అనే పత్రిక పెట్టాడు. మనకు తెలిసిన బహార్ అన్న మాటే అది, వాళ్ల భాషలో చెట్టుకి పట్టిన పూత. వియన్నాలో ప్రాచ్యభాషలు చదివి డాక్టరేటు తీసుకున్నాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను తన భాషలోకి తెచ్చాడు. బోస్నియావాళ్లు అరబ్బీ, తుర్కీ, పారసీక భాషల్లో ఏమేమి రాశారో వెతికి వెతికి చరిత్రగా పుస్తకం వేశాడు.

ఆ వెతుకులాటలో ఆయన దగ్గర చేతిరాత ప్రతులు పోగుపడ్డాయి. ఇళ్లల్లో, మసీదుల్లో, అటకల మీద ఉన్నవి తెచ్చి దాచాడు. తీరా వాటిని కాపాడే స్తోమతు తనకు లేకపోయింది. 1924 ప్రాంతంలో ఆ సేకరణ నేటి స్లొవేకియాలోని బ్రాటిస్లావా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరింది. సొంత దేశపు ఆస్తి పరాయి ఊరికి వెళ్లిపోయిందని బాధపడ్డవాళ్లు ఉండే ఉంటారు. నేను ఆ రోజుల్లో ఉంటే నేనూ బాధపడేవాణ్నే. కానీ ఏమైందో వినండి. బోస్నియా యుద్ధం మొదలైన కొత్తలో, 1992 మే 17న సరయేవోలోని ప్రాచ్య విద్యాసంస్థ మీద నిప్పుగుండ్లు పడ్డాయి. 5,263 చేతిరాత గ్రంథాలు కాలిపోయాయి. అరబ్బీవి, పారసీకానివి, తుర్కీవి, అరబ్బీ లిపిలో రాసుకున్న బోస్నియా భాషవి. అదే ఏడు ఆగస్టులో జాతీయ గ్రంథాలయం కాలింది. మిల్యాత్స్కా నది ఒడ్డున ఉన్న ఆ భవనం నుంచి కాలిన కాగితపు రవ్వలు ఊరంతా రాలాయి. బ్రాటిస్లావాలో ఉన్న బషాగిచ్ ప్రతులు మాత్రం భద్రంగా ఉన్నాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపక పట్టికలో చేర్చింది. మీర్జా సఫ్వెత్ 1934లోనే పోయాడు. తాను అమ్ముకున్నందువల్లే అవి బతికాయని ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇప్పుడు చెప్తాను. బోస్నియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న కాలంలో మొదట్లో ఈ జాతికి పేరే లేదు. 1948 లెక్కల్లో వాళ్లను సెర్బు అనో, క్రొయేట్ అనో, ఏదీ తేల్చని ముస్లిం అనో రాసుకోమన్నారు. 1953లో 'జాతి తేల్చని యుగోస్లావ్' అన్న గడి ఇచ్చారు. 1971 నాటికి ముస్లిం అన్న మాటను జాతి పేరుగా ఒప్పుకున్నారు. బోస్నియాక్ అన్న తమ పాత పేరును 1993 సెప్టెంబరులో, సరయేవో ముట్టడిలో ఉండగా, ఒక మహాసభలో కూర్చుని తిరిగి తీసుకున్నారు. ఇన్నేళ్లూ జాతికి లేని పేరును మనుషుల పేర్లు మోశాయి. దస్తావేజులో గడి ఖాళీగా ఉన్నా, పిల్లవాడి పేరు మీర్జా అని రాస్తే వాడు ఎవరింటివాడో తెలిసిపోయేది.

తెలిసిపోవడం 1992లో ప్రాణాల మీదికి వచ్చింది. రోడ్ల మీద తుపాకులు పట్టుకుని ఆపినవాళ్లు అడిగింది గుర్తింపు కార్డు. ముఖం చూస్తే తెలియదు, మాట వింటే తెలియదు. కార్డు మీద పేరు చదివి ఒకణ్ని పోనిచ్చేవారు, ఒకణ్ని పక్కకు దించేవారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో చంపిన మగవాళ్ల, పిల్లల లెక్క పోతొచారి స్మారకం దగ్గర రాతి మీద చెక్కి ఉంది, 8,372. అది తుది లెక్క కాదని కూడా అక్కడే చెక్కారు. ఆ రాతిపలకల వరుసలో ఉన్నవన్నీ తల్లిదండ్రులు ముద్దుగా ఏరి ఏరి పెట్టుకున్న పేర్లు.

ఇక ఆ దేశంలో ఇంటిపేరు చెప్పకుండా మీర్జా అంటే చాలు, అందరికీ తెలిసిపోయే మనిషి గురించి చెప్పాలి. మీర్జా డెలిబాషిచ్. 1954 జనవరి 9న తూజ్లాలో పుట్టాడు. ఉప్పునీటి బావుల మీద, బొగ్గుగనుల మీద బతికిన ఊరది. అతని జాతివాళ్లు 'తేల్చని' గడిలో టిక్కు పెట్టిన మరుసటేడు పుట్టాడన్నమాట. ఇంటిపేరు కూడా విప్పి చూడదగ్గదే. తుర్కీలో 'దెలి' అంటే పిచ్చివాడు, తెగించినవాడు. ఆటోమన్ సైన్యంలో చావుకి వెరవకుండా ముందుకి ఉరికే గుర్రపుదళాన్ని దెలీలు అనేవారు. వాళ్ల నాయకుడు దెలిబాషి. 'ఇచ్' అంటే కొడుకు. దొరబిడ్డ, తెగువదళం నాయకుడి బిడ్డ అని రెండు పేర్లూ కలిపి చదువుకోవచ్చు.

అతను చిన్నప్పుడు ఆడింది టెన్నిస్. తర్వాత బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు. 1972లో సరయేవోలోని బోస్నా క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బు అప్పుడే కింది తరగతి నుంచి మొదటి డివిజన్‌కి ఎక్కింది. శిక్షకుడు బొగ్దాన్ తాన్యెవిచ్‌కి అప్పటికి పాతికేళ్లు. ఏడేళ్లలో వీళ్లు ఎక్కడికి చేరారో చూడండి. 1979 ఏప్రిల్ 5, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్. యూరప్ క్లబ్బుల కప్పు ఫైనల్. అవతల ఇటలీ జట్టు వరేజే. వాళ్లకది వరసగా పదో ఫైనల్, అయిదుసార్లు కప్పు ఎత్తినవాళ్లు. బోస్నా 96, వరేజే 93. ఆ 96లో జార్కో వరాయిచ్ ఒక్కడే 45 కొట్టాడు, మీర్జా 30 కొట్టాడు. అంటే ఇద్దరు కలిసి 75. బంతి మీర్జా చేతిలోంచి వరాయిచ్‌కి వెళ్లడం, మళ్లీ మీర్జా దగ్గరికి రావడం, ఇదే ఆట. పేర్లు చూస్తే ఒకటి అచ్చమైన స్లావ్ పేరు, ఒకటి తూర్పు పేరు. ఆ రాత్రి సరయేవోలో ఆ తేడా గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

యుగోస్లావియా జట్టుతో అతను 1975లో, 1977లో యూరప్ విజేత. 1978లో మనీలాలో ప్రపంచ విజేత. 1976 మాంట్రియాల్ ఒలింపిక్స్‌లో వెండి, 1980 మాస్కోలో ఇటలీని 86-77తో ఓడించి బంగారం. 1981లో రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఇటలీలోని కసెర్తా క్లబ్బుకి మారాడు. అక్కడ మెదడులో రక్తస్రావమైంది. అప్పటికి అతనికి 29 ఏళ్లు. ఆట అక్కడితో ఆగిపోయింది. 29 ఏళ్ల ఆటగాడికి చేతిలో బంతి లేకుండా పోవడం అంటే ఏమిటో మనకు పూర్తిగా అర్థం కాదు. అతను సరయేవోకి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయాడు.

సరయేవో ముట్టడి 1992 ఏప్రిల్ 5న మొదలైంది. గ్రెనోబుల్ గెలుపుకి సరిగ్గా పదమూడేళ్లు. మొత్తం 1,425 రోజులు ఆ ఊరు నీళ్లు లేక, కరెంటు లేక, కొండల మీది ఫిరంగుల కింద బతికింది. మీర్జాకి యూరప్‌లో స్నేహితులున్నారు, పేరుంది, వెళ్లదలుచుకుంటే తలుపులు తెరిచే దేశాలున్నాయి. అతను ఊరు వదల్లేదు. 1993లో బోస్నియాకి తొలిసారి సొంత జాతీయ జట్టుగా యూరప్ పోటీలకు వెళ్లే అవకాశం వచ్చింది. శిక్షకుడు మీర్జా. ఊరు దాటడానికి విమానాశ్రయం కింద తవ్వుతున్న సొరంగం అప్పటికి ఇంకా పూర్తికాలేదు. ఊరు దాటాలంటే రాత్రివేళ రన్‌వేకి అడ్డంగా పరుగెత్తడమే దారి. తుపాకులు రెండు వైపులా చూస్తుండేవి. ఆటగాళ్లలో కొందరు అలాగే పరుగెత్తి బయటపడ్డారు. కోర్టులో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తడం నేర్చిన కాళ్లు అవి.

జర్మనీలో జరిగిన ఆ పోటీల్లో వాళ్లు ఎనిమిదో స్థానంలో నిలిచారు. సబాహుదీన్ బిలాలోవిచ్ అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు. జట్టు జాబితా ఒకసారి చదివితే మనసు నిలవదు. సబాహుదీన్ ఉన్నాడు, నెనాద్ మార్కోవిచ్ ఉన్నాడు, మారియో ప్రిమోరాత్స్ ఉన్నాడు. రోడ్ల మీద కార్డులు చూసి పేర్లను వేరుచేస్తున్న రోజుల్లో, ఆ మూడు రకాల పేర్లనూ ఒకే రంగు చొక్కా వేసి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినవాడి పేరు మీర్జా. అతను 2001 డిసెంబరు 8న, 47 ఏళ్లకే, సరయేవోలో చనిపోయాడు. స్కెందెరియా కేంద్రంలోని ఆటల మందిరానికి అతని పేరు పెట్టారు. 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య తన గౌరవమందిరంలో అతనికి చోటిచ్చింది.

తర్వాత వచ్చిన మీర్జాలు చాలామందే ఉన్నారు. మోస్తార్‌లో 1985లో పుట్టిన మీర్జా తెలెతోవిచ్ యుద్ధంలో బాల్యం గడిపి, అమెరికాలో బ్రూక్లిన్ నెట్స్ దాకా వెళ్లాడు. క్రొయేషియా రేవుపట్నం రియేకాలో పుట్టిన మీర్జా జోంబా ఆ దేశానికి హ్యాండ్‌బాల్‌లో 2003లో ప్రపంచ కప్పు, 2004లో ఏథెన్స్ ఒలింపిక్ బంగారం గెలిచిపెట్టిన జట్టులో ఉన్నాడు. పేరు బోస్నియాక్‌లది, జెండా క్రొయేషియాది, జనం అతన్ని గుండెల్లో పెట్టుకున్నారు.

చివరగా ఇంకొకడు. సరయేవో పిల్లవాడు మీర్జా బాషిచ్. టెన్నిస్ ఆటగాడు. 2018 ఫిబ్రవరిలో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నమెంటులో క్వాలిఫయింగ్ మ్యాచులు ఆడి లోపలికి వచ్చి, వారం తిరిగేసరికి కప్పు పట్టుకెళ్లాడు. టెన్నిస్ బ్యాటు పక్కన పెట్టి బాస్కెట్‌బాల్‌కి వెళ్లిన పాత మీర్జా ఊళ్లోనే, అతని పేరుతోనే, టెన్నిస్‌ని పట్టుకుని నిలిచినవాడు. అతను పుట్టింది 1991 జులై 12న. ఊరి చుట్టూ కొండల మీద ఫిరంగులు మోగడం మొదలయ్యేనాటికి మీర్జా తొమ్మిది నెలలు నిండని పసివాడు.